పటం కింది తేదీ

మనిషి చేత్తో రాసిన తేదీని దేవుడు కూడా లెక్కలోకి తీసుకుంటాడా అన్న సందేహం మునుస్వామిని పదకొండేళ్ళుగా వదల్లేదు. ప్రతి శనివారం పెరుమాళ్ గుడికి వెళ్ళి, తీర్థం పుచ్చుకుని, శఠగోపం కింద తల వంచినప్పుడల్లా అదే అడిగేవాడు. అడిగి, జవాబు కోసం కాసేపు నిలబడేవాడు. వెనక వరసలో వాళ్ళు జరగమంటే జరిగేవాడు. స్వామి పలకనందుకు ఆయనకు కోపం లేదు. అడగవలసిన మనిషిని వదిలేసి తన దగ్గరికి వస్తున్నందుకు ఊరుకుంటున్నాడేమో అని మాత్రం అప్పుడప్పుడు అనిపించేది.

ఆ మనిషి దూరాన ఏమీ లేదు. ఇందిరా నగర్‌లో ఉంది. అంగడి నుంచి సైకిలు తొక్కితే ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు తొక్కడానికి పదకొండేళ్ళు చాలలేదు.

మునుస్వామిది పటాల అంగడి. దేవుళ్ళ బొమ్మలకూ, పెళ్ళి ఫోటోలకూ, పోయినవాళ్ళ ఫోటోలకూ అద్దం వేసి చట్రం కట్టడం పని. పాండిచ్చేరిలో గాజుల వీధికి నడిమధ్యన ఉంటుంది. వీధి మొదట్లో గోడకు కొట్టిన నీలం పలక మీద ఫ్రెంచిలో ఒక పేరు, తమిళంలో ఒక పేరు ఉన్నాయి గానీ, ఇళ్ళల్లో తెలుగు మాట్లాడుకునే పాతకాపులకు అది గాజుల వీధే. తాతల కాలంలో ఆ వరసంతా గాజుల మలారాలు వేలాడేవి. మునుస్వామి తాత కూడా గాజులు అమ్మినవాడే. ప్లాస్టిక్కు రాకముందే ఆయన కొడుక్కి బుద్ధి పుట్టి, గాజు గుండ్రంగా ఉంటే పగులుతుంది, పలకగా ఉంటే నిలుస్తుంది అని చెప్పి అద్దాలు కోయడం నేర్చుకున్నాడు. అట్లా మొదలైంది పటాల అంగడి.

ఈ నెలాఖరుకు దాన్ని ఖాళీ చెయ్యాలి. కట్టడం అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు పైనా కిందా కలిపి యాత్రికులు దిగే హోటలు చేస్తారట. గోడల రంగు పాతదే ఉంచి, లోపల ఏసీలు పెడతారట. మునుస్వామికి అరవై ఎనిమిదేళ్ళు. మేట్టుపాళయం గోదాముల నుంచి తయారుగా వచ్చే చట్రాల ముందు ఆయన చేతిపని ఏనాడో వెనకబడింది. అంగడి పోతున్నందుకు ఆయన పెద్దగా మాట్లాడలేదు. భార్య సుందరి మాత్రం రోజుకొక సామాను బయటికి తీసి, తుడిచి, మళ్ళీ లోపల పెడుతూ ఉండేది.

ఆ రోజుల్లోనే అర్చిత వచ్చింది. వీధి చివర నాటుమందుల అంగడి రాఘవన్ మనవరాలు, కాలేజీలో చరిత్ర చదువుతోంది. వీధి మారిపోకముందే ఏ గడపలో ఏ వ్యాపారం జరిగిందో, ఎవరెవరు బతికారో రాసిపెట్టాలని పుస్తకం పట్టుకుని తిరుగుతోంది.

"తాతా, మూలమీద సోడా కంపెనీ ఏ సంవత్సరం మూసినారు?"

"సంవత్సరం తెలీదు మా. ఆ కంపెనీ ముదలాళి పటం నేను కట్టింది చిత్తిర నెలలో. మరుసటి పొంగలికి బీగం వేసినారు."

"గొడుగులు రిపేరు చేసే ఆయన?"

"ఆయన పటం వానాకాలంలో. గొడుగులాయన వానలోనే పోయినాడని ఊరంతా నవ్వింది, పావం. ఇప్పుడాడ టోపీలు అమ్ముతాండారు."

"నీకు అన్నీ చావులతోనే గుర్తా తాతా?"

"నా కాడికి వచ్చేవి అవే గదా. పెళ్ళి పటం ఇప్పుడెవరు కట్టించుకుంటారు. ఫోన్లో చూసుకుని తుడుచుకుంటారు."

అర్చిత నవ్వి రాసుకుంది. ఆమె రాసుకుంటుంటే మునుస్వామికి హుషారు వచ్చింది. ఫ్రెంచివాళ్ళు పోయి జెండా మారిన నెలలో తన తండ్రి గాంధీ పటాలు తప్ప ఇంకొకటి కట్టలేదని చెప్పాడు. అంతకు ముందు దాకా ఆఫీసుల్లోనూ అంగళ్ళలోనూ దొరల బొమ్మలు. అవే చట్రాలు, అవే అద్దాలు, బొమ్మ ఒక్కటే మార్చాలి.

"మరి దొరల బొమ్మలు ఏమైనాయి?"

"పారేస్తామా? వెనక అట్టలుగా వేసినాడు మా నాయన. ఈ ఊళ్ళో చానా గాంధీల వెనక ఒక దొర ఉండాడు."

రొట్టెల అంగడి శిలంబరసన్ తాత దొరల సిపాయిలకు రొట్టెలు కాల్చిన సంగతి, ఆ పొయ్యి ఇప్పటికీ కట్టెలతోనే మండుతున్న సంగతి, రాఘవన్ తండ్రి శొంఠి పొడితో పడవల మీద వచ్చినవాళ్ళ కడుపులు కుదిర్చిన సంగతి, అన్నీ చెప్పాడు. అర్చిత పేజీ తిప్పింది.

"ఎదురుగా గాజుల ఇంటి మేడ మీద యానం వాళ్ళు అద్దెకు ఉండినారంట గదా. వాళ్ళెవరు తాతా?"

మునుస్వామి చేతిలోని గుడ్డతో ముందున్న అద్దాన్ని తుడిచాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"గుర్తు లేదు మా."

లోపల సామాను సర్దుతున్న సుందరి తలెత్తి ఆయన్ని చూసింది.

ఆ మేడ మీద నాలుగేళ్ళు ఉన్నది నాగకుమారి. యానం నుంచి బదిలీ మీద వచ్చిన గవర్నమెంటు ఉద్యోగి. వచ్చిన కొత్తలో భాష తెలియక పాలవాడితో కూడా సైగలతో మాట్లాడేది. ఒకనాడు ఎదురు అంగట్లో మునుస్వామి, సుందరి పోట్లాడుకోవడం తెలుగులో వినిపించి, మెట్లు దిగి వచ్చేసింది. "మీరు మనవాళ్ళాండీ" అని అడిగింది. సుందరి పోట్లాట ఆపేసి మజ్జిగ ఇచ్చింది. ఆ రోజు నుంచి ఆయన ఆమెకు అన్నయ్యగారు, సుందరి వదినగారు.

అయితే ఆ పిల్లకు తెలియని సంగతి ఒకటి ఉంది. మునుస్వామికి ఇంట్లో మాట తెలుగు గానీ, బళ్ళో చదివింది అరవం. తెలుగు అక్షరం ఒక్కటి కూడా చదవలేడు. ఆ వీధిలో పాతకాపులు ముప్పాతిక మంది అంతే. ఆ పిల్ల అప్పుడప్పుడు తెలుగు పేపరు తెచ్చి బల్ల మీద పెడితే, ఆయన కళ్ళజోడు పెట్టుకుని బొమ్మలు చూసి, తలాడించి తిరిగిచ్చేవాడు. తెలుగువాడై ఉండి చదవలేనని ఒప్పుకోవడానికి నామోషీ.

ఆ ఏడు ఆగస్టు మొదట్లో, ఆయన గుడికి వెళ్ళిన సమయంలో, నాగకుమారి ఆఫీసుకు పరిగెడుతూ ఒక కవరు సుందరి చేతిలో పెట్టింది. "నాన్నగారి ఫోటో వదినా. చీటీలో అన్నీ రాశాను, అన్నయ్యగారికి ఇవ్వండి. పదో తారీఖుకి కావాలి, ఊరు వెళ్తున్నాను" అంది. డబ్బు మొత్తం అప్పుడే ఇచ్చేసింది. సుందరికి పని గుర్తుంది, తేదీ గుర్తుంది. ఎందుకు అని అడగడం గుర్తు రాలేదు.

కవరులో పంచెకట్టు మనిషి నిటారుగా నిలబడి తీయించుకున్న స్టూడియో ఫోటో ఉంది. చీటీలో తెలుగు రాత. మునుస్వామికి అందులో తెలిసినవి అంకెలు మాత్రమే. 12-8-1953. 12-8-2013. ఆయన నలభై ఏళ్ళ చేతి అలవాటు మిగతాది పూర్తి చేసింది. పోయినవాళ్ళ పటానికి ఎవరు వచ్చినా రెండు తేదీలు ఇస్తారు. కొందరు దుఃఖంలో పోయిన తేదీ చెప్పకుండా, పదహారో రోజు కర్మకు పటం కావాలని ఆ తేదీ చెబుతారు. అప్పుడు పటాలు కట్టేవాడే వెనక్కి లెక్క వేసుకుంటాడు. రెండో తేదీ ఇంకా వారం ముందుంది కాబట్టి అది కర్మ తేదీ అనుకున్నాడు. వేళ్ళు మడిచి లెక్కపెడితే జులై ఇరవై ఎనిమిది వచ్చింది.

"పావం, తండ్రి పోయినాడు. మనతో ఒక్క మాట చెప్పకుండా ఆఫీసుకు పోతాంది, ఎంత గుండె నిబ్బరమో" అన్నాడు సుందరితో.

"ఆ పిల్ల ముఖం అట్ల లేదే" అంది సుందరి.

"లోపల ఏడ్చేవాళ్ళు అట్లే ఉంటారు."

ఫోటో కింద నల్ల పట్టీ మీద తెల్ల రంగుతో, అరవంలో, ఈ ఊళ్ళో అందరి పటాల కిందా రాసే రెండు మాటలే రాశాడు. తోట్రం, అంటే పుట్టింది. మరైవు, అంటే పోయింది. పక్కన తేదీలు వేశాడు. పైన జీరో వాట్ ఎర్ర బల్బు బిగించాడు. తన అంగట్లో పద్ధతి ప్రకారం నుదుటి దగ్గర అద్దం మీద తానే మొదటి చందనం బొట్టు పెట్టి, ఆ ఆత్మకు మంచి గతి ఇమ్మని పెరుమాళ్ళకు దణ్ణం పెట్టుకుని, బొమ్మ కనబడకుండా పేపరు చుట్టి పురికొస కట్టాడు.

పదో తారీఖున కూడా ఆయన అంగట్లో లేడు. సుందరే ఇచ్చింది. పోయినవాళ్ళ పటం ఇచ్చేటప్పుడు మళ్ళీ రమ్మని చెప్పకూడదు కనుక, రెండు చేతులతో అందించి తలవంచుకుంది. "ఏంటి వదినా, అన్నయ్యగారితో మళ్ళీ గొడవా" అని నవ్వుతూ వెళ్ళిపోయింది నాగకుమారి.

ఊరి నుంచి వచ్చాక ఆమె అంగటి వైపు రాలేదు. దుఃఖంలో ఉందని వీళ్ళూ కదిలించలేదు. సెప్టెంబరు ఇరవై ఒకటిన, కురుచికుప్పం నుంచి చేపల తట్ట తెచ్చే మణియమ్మ అంగటి ముందు ఆగి తట్ట దించింది.

"మేడ మీద యానం పిల్ల ఏడుస్తా ఆటో ఎక్కింది. వాళ్ళ నాయన పోయినాడంట ఈ పొద్దు."

"ఆయన పోయి రెండు నెల్లు అయింది" అన్నాడు మునుస్వామి.

"ఏంది నువ్వు చెప్పేది. రాత్రి గూడా ఆ పిల్ల ఫోన్లో నాన్నా నాన్నా అని మాట్లాడతా ఉంటే నేను మెట్ల కాడ కూచోని విన్నాను."

మేకుకు గుచ్చిన చీటీల్లోంచి ఆ చీటీ వెతికి తీసి, రొట్టెల అంగడి దగ్గర టీ తాగుతున్న యానం కాలేజీ కుర్రాడు పవన్‌కుమార్ చేతిలో పెట్టాడు మునుస్వామి. కుర్రాడు గడగడా చదివాడు. "మా నాన్నగారు చిన్నబ్బాయి గారి షష్టిపూర్తికి. పుట్టినరోజు ఇది, పండగ ఇది. బంగారు అంచు చట్రం వేయండి. నాన్నగారికి చెప్పలేదు, అక్కడ విప్పి చూపిస్తాను." చదివి, "బాగా రాశారండి, ఎవరిది" అని అడిగాడు. మునుస్వామి చీటీ తీసుకుని వెనక్కి వచ్చాడు. అడ్డంగా వచ్చిన స్కూటరువాడు తిట్టింది కూడా వినబడలేదు.

బతికున్న మనిషి నుదుట చావు బొట్టు పెట్టాడు. బతికున్న మనిషికి పోయిన తేదీ రాశాడు. నలభై రోజులకు ఆ మనిషి పోయాడు.

నెల తిరక్కుండా నాగకుమారి మేడ ఖాళీ చేసి ఇందిరా నగర్ వెళ్ళిపోయింది. సామాను బండికి ఎక్కించిన రోజు మునుస్వామి అంగడి తియ్యలేదు.

*

అర్చిత నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వచ్చింది.

"తాతా, మేడ మీద ఉండిన ఆమె దొరికింది. మా అమ్మ ఆఫీసులోనే. గాజుల వీధి అంటే చాలు, గంట సేపు చెప్పింది. రొట్టెల వాసనకు పొద్దున్నే మెలకువ వచ్చేదంట. మా తాత ఇచ్చిన శొంఠి కషాయం ఇప్పటికీ కాస్తుందంట."

మునుస్వామి సుత్తి పక్కన పెట్టాడు.

"నీ అంగడి పేరు చెప్పినాక మాత్రం ఆగిపోయింది. కాసేపుండి, అన్నయ్యగారు బాగున్నారా అని అడిగింది. ఈ నెలతో మూసేస్తారని చెప్పినాను." అర్చిత ఆయన ముఖం చూసింది. "గుర్తు లేదన్నావే."

"గుర్తుండాది మా" అన్నాడు మునుస్వామి. "అది నీ పుస్తకంలో రాయొద్దు."

ఆ పిల్ల వెళ్ళాక సుందరి మెట్టు మీద కూర్చుంది.

"పోయిరా" అంది.

"ఏమని చెప్పేది?"

"పదకొండేండ్లుగా దేవుడికి ఏమి చెప్తాండావో అదే చెప్పు. ఆయనకు విని విని విసుగు వచ్చింటుంది."

"తలుపు వేసేస్తే?"

"వేస్తే వచ్చేయి. ముప్పయ్యో తారీఖు తర్వాత నువ్వు యాడ కూచోని ఏడుస్తావు? ఇక్కడైతే నీకొక స్టూలన్నా ఉండాది."

మునుస్వామి మరునాడు ఆదివారం స్నానం చేసి, నామం పెట్టుకుని బయలుదేరాడు. శిలంబరసన్ పొయ్యి దగ్గర ఆగి నాలుగు రొట్టెలు కట్టించుకున్నాడు. వట్టి చేతులతో ఎట్లా వెళ్ళడం? దారిలో రెండుసార్లు సైకిలు దిగాడు. ఒకసారి గొలుసు ఊడింది. రెండోసారి ఏమీ ఊడలేదు.

తలుపు నాగకుమారే తీసింది. జుట్టు నెరిసింది. చూసి, ఒక్క క్షణం గడప మీదే నిలబడిపోయింది.

"రండి అన్నయ్యగారూ" అంది. "చెప్పులు బయట అక్కర్లేదు, ఎండలో కాలిపోతాయి. లోపలే విడవండి."

ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. రొట్టెల పొట్లం బల్ల మీద పెట్టాడు.

"నాకు తెలుగు చదవడం రాదమ్మా" అన్నాడు.

నాగకుమారి అర్థం కానట్టు చూసింది.

"నువ్వు పేపరు తెచ్చిస్తే చూసేవాణ్ణి గదా, అది చూసేదే, చదివేది కాదు. నువ్వు రాసిన చీటీ నేను చదవలేదు. అంకెలు చూసినాను. నీ తండ్రి పోయినాడనుకున్నాను. అడిగి ఉంటే అయిపోవును. నామోషీ. నా నామోషీ నీ తండ్రిని..."

నాగకుమారి లేచి నీళ్ళు తెచ్చిచ్చింది. తనూ ఎదురుగా కూర్చుంది.

"ఇన్నేళ్ళూ నేను అనుకున్నది వేరేనండి" అంది నెమ్మదిగా. "పని ఒత్తిడిలో ఎవరి పటానికో రాయాల్సింది నాన్నగారి పటానికి రాసేశారు, తేదీలు తారుమారయ్యాయి అనుకున్నాను. మీకు చదవడం రాదని నాకు తోచలేదు. మనవాళ్ళు కదా అని సంబరంగా తెలుగులో రాశాను. నోటితో ఒక్క ముక్క చెప్పి ఉంటే పోయేది."

"ఆయన చూసినాడా అమ్మా? ఆ బొట్టు, ఆ బల్బు?"

ఆయన అడగాలనుకున్నది అదే. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుంటే కనబడింది అదే. నలుగురి మధ్య పేపరు విప్పడం, కొత్త పంచె కట్టుకున్న పెద్దమనిషి తన చావు తేదీ తను చూసుకోవడం.

"లేదండి" అంది నాగకుమారి. "బ్యాగులో పెట్టుకునే ముందు ఒకసారి చూసుకుందామని విప్పాను. మరైవు అన్న మాట అప్పటికే చదవగలను. బస్సు బోర్డుల కోసం అరవం నేర్చుకున్నాను కదా. మీ మీద చాలా కోపం వచ్చింది. కిందికొచ్చి కడిగేద్దామంటే బస్సు టైమయిపోయింది. మంచం కిందికి తోసేసి వెళ్ళిపోయాను."

"మరి పండగకు?"

"వట్టి చేతులతో వెళ్ళాను. పటం కట్టిస్తున్నానని మా తమ్ముడు నవీన్ ముందే నోరు జారాడు. నాన్నగారు గోడకి మేకు కొట్టి ఉంచారు. ఏదమ్మా నా పటం అన్నారు. షాపువాళ్ళు ఇంకా ఇవ్వలేదు నాన్నా అన్నాను." ఆమె పొట్లం మీది దారాన్ని వేలికి చుట్టుకుంది. "అక్కణ్ణుంచి ప్రతి ఆదివారం ఫోను. మీ పాండిచ్చేరాయన కలప కోసం మొక్క నాటాడా ఏంటే అనేవారు. వచ్చేవారం నాన్నా, వచ్చేవారం నాన్నా అనేదాన్ని. మీ దగ్గరికొచ్చి మార్పించుకుంటే ఒక్క పూట పని. కోపం, బద్ధకం, ఆఫీసు. అయిదు ఆదివారాలు అయిపోయాయి. ఆరోది రాలేదు."

ఫ్యాను తిరుగుతోంది. పక్కింట్లో కుక్కరు కూత పెట్టింది.

"ఆయన పోయారని ఫోనొచ్చిన రోజు అదే పటం పట్టుకెళ్ళాను. పెద్దగా తీయించిన ఫోటో అదొక్కటే కదా. నవీన్ బ్లేడుతో మీరు రాసిన తేదీ గీకేసి పక్కన సరైనది రాశాడు. ఏటా తద్దినానికి వెళ్తాను. అందరికీ వాడు రాసింది కనబడుద్ది. నాకు గీకిందే కనబడుద్ది."

మునుస్వామి గుళ్ళో అడిగేదే ఈమెనూ అడిగాడు.

"నేను రాయకపోయి ఉంటే ఆయన ఇంకా ఉండునా అమ్మా?"

నాగకుమారి వేలికి చుట్టుకున్న దారం విప్పింది.

"నాకు తెలీదండి. ఆ పటం మంచం కింద పెట్టుకుని నలభై రోజులు పడుకున్నాను. దాన్ని పగలగొట్టి ఉంటే అని నేనూ అనుకున్నాను. గుండెజబ్బు అని డాక్టరు చెప్పాడు. డాక్టరు చెప్పింది నమ్ముతాను. మళ్ళీ అర్ధరాత్రి మెలకువొస్తే నమ్మను. కానీ నన్ను తినేసేది అది కాదండి. నాన్నగారిని మీరు చూడలేదు. ఆ పటం నేను తీసుకెళ్ళి చూపించి ఉంటే, పడీ పడీ నవ్వేవారు. వీధిలో అందరినీ పిలిచి చూపించేవారు. పదిహేను రోజుల కిందటే పోయానట్రా, ఎవరూ చెప్పలేదేంటి అనేవారు. ఆయనకి భయం లేదు. భయం నాది. అంత నవ్వు నేను మంచం కింద దాచేశాను."

ఆమె ఏడ్చింది. చప్పుడు లేకుండా, కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా. మునుస్వామి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఓదార్చే హక్కు తనకు లేదనుకున్నాడు. ఆమె కూడా తప్పు తనదే అనుకుంటోందని తెలిసినా ఆయన తప్పు తేలిక కాలేదు. ఇద్దరివీ కలిసి ఇంకా బరువయ్యాయి.

లేవబోతుంటే ఆమె ఆపింది.

"మీరు నాకొక పటం బాకీ ఉన్నారు అన్నయ్యగారూ."

"ఏదంటే అది కట్టి ఇస్తానమ్మా."

ఫోను తీసి ఒక ఫోటో చూపించింది. యానం రేవులో పడవ దగ్గర తీసింది. పంచె ఎగ్గట్టిన మనిషి, తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. తీసినవాళ్ళ చెయ్యి కూడా నవ్వుకు కదిలినట్టుంది, అంచులన్నీ చెదిరాయి.

"నవ్వుతున్నది ఇదొక్కటే ఉంది. బాగా లేదని ఎవరూ పెద్దది చేయించలేదు. అర్చితతో ప్రింటు తీయించి పంపుతాను. అప్పుడు అడిగినట్టే, షష్టిపూర్తికి కట్టినట్టే కట్టండి. తేదీలు వద్దు. ఒక్కటి కూడా వద్దు."

*

ముప్పయ్యో తారీఖుకు ముందు అంగట్లో మిగిలిన పని అదొక్కటే. మునుస్వామి అటక మీద తండ్రి దాచిన టేకు ముక్కలు దించాడు. మూలలు నలభై అయిదు డిగ్రీలకు కోసి, అతుకు గోరుకు తగలనంత వరకూ నూరాడు. బంగారు అంచు అంటించాడు. అద్దం కోసేటప్పుడు ఒక పలక పాడైంది. రెండోది నిలిచింది.

పోయిన మనిషికి బతికున్నవాడి పటం కట్టడం శాస్త్రానికి ఒప్పుతుందా అని సుందరిని అడిగాడు.

"బతికున్న మనిషికి చచ్చినవాడి పటం కడితే ఒప్పిందా?" అంది సుందరి. అనేసి, నొచ్చుకుంది. "నేను గూడా అడగకుండా ఇచ్చినాను గదయ్యా. తలవంచుకోని ఇచ్చినాను. ఒక్క మాట అడిగి ఉంటే."

పటం పూర్తయి అద్దం తుడిచాక, ఆయన వేలు అలవాటుగా పక్కకు వెళ్ళింది. అక్కడ చందనం గిన్నె లేదు. సుందరి అంతకుముందే దాన్ని తీసి లోపల పెట్టేసింది.

ఆటోలో పటాన్ని ఒళ్ళో పెట్టుకుని ఇందిరా నగర్ వెళ్ళారు ఇద్దరూ. నాగకుమారి దాన్ని రెండు చేతులతో అందుకుని కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళింది. చూస్తూ ఉండిపోయింది. సుందరి ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

కాసేపటికి నాగకుమారి ముఖం తుడుచుకుని యానానికి ఫోను చేసింది. అవతల తల్లికి చెవుడు. అందుకని స్పీకరు పెట్టి గట్టిగా చెప్పింది.

"అమ్మా, నాన్న అడిగిన పటం వచ్చింది."

అవతల ముసలి గొంతు అడిగింది.

"ఇప్పుడా?"

"ఇప్పుడేనమ్మా."

"పాపం, ఎంత కష్టపడ్డాడో కట్టినాయన. డబ్బులిచ్చావా?"

నాగకుమారి మునుస్వామి వైపు చూసింది. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అప్పుడే ఇచ్చేశానమ్మా" అంది.